ఐప్యాడ్, జూపిటర్ నోట్‌బుక్, తెలుగు టైపింగ్: పనిచేయని షార్ట్‌కట్ల మీద ఒక కేస్ స్టడీ

నేపథ్యం

ఒక డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పే అధ్యాపకురాలి కేసు ఇది. ఆవిణ్ని, కాలేజీని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని చిన్న వివరాలు మార్చాం. సాంకేతిక వివరాలు ఉన్నవి ఉన్నట్టే ఇస్తున్నాం.

ఆవిడ పాఠాలన్నీ జూపిటర్ నోట్‌బుక్‌లో తయారుచేస్తారు. బ్రౌజర్‌లో తెరుచుకునే ఈ పేజీలో రాత, కోడ్ రెండూ సెల్ అనే పెట్టెల్లో ఉంటాయి. రాతకు వాడే మార్క్‌డౌన్ సెల్‌లో తెలుగు వివరణ, కింద కోడ్ సెల్‌లో పైథాన్, దాని కింద గ్రాఫ్. కోడ్ నడిచేది మేం చూసుకునే ఉమ్మడి సర్వర్ మీద, నోట్‌బుక్‌లు తెరిచే జూపిటర్‌ల్యాబ్ 4లో. కాలేజీలో డెస్క్‌టాప్ ఉంది కానీ ఇంట్లో ఐప్యాడే. దానికి కవర్‌తో కలిసొచ్చిన బ్లూటూత్ కీబోర్డు. ఇంగ్లీషు, తెలుగు కాక ఎమోజీ కీబోర్డు కూడా జాబితాలో ఉంది. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్, అంటే ఏ కీకి ఏ తెలుగు అక్షరమో ముందే ఖాయమైన అమరిక. డెస్క్‌టాప్ మీద ఆవిడకు షార్ట్‌కట్లు వేళ్ల చివర ఉంటాయి, మౌస్ దాదాపు ముట్టుకోరు. ఈ సంగతి కేసులో ముఖ్యం. కొత్తవాళ్లయితే కీ పనిచేయకపోతే బటన్ నొక్కి ఊరుకుంటారు. చెయ్యి తిరిగినవాళ్లు తెర చూడకుండానే తర్వాతి కీ నొక్కేస్తారు, నష్టం అక్కడ జరుగుతుంది.

వచ్చిన ఫిర్యాదు

"షార్ట్‌కట్లు ఒకరోజు పనిచేస్తాయి, ఒకరోజు చేయవండీ" అన్నదే మొదట వచ్చిన ఫిర్యాదు. దాంతో ఏమీ తేలదు. నొక్కిన కీ, ఆ క్షణంలో ఉన్న భాష, తెర మీద జరిగింది, ఈ మూడూ రాసి పంపమన్నాం. వచ్చిన కాగితం చూస్తే ఇది ఒక సమస్య కాదని తెలిసిపోయింది.

ఎస్కేప్ నొక్కితే జూపిటర్ పోయి హోమ్ స్క్రీన్ వస్తోంది. ఎస్కేప్ బొమ్మ ఉన్న కీని మరోలా నొక్కితే ఒక్కోసారి సరిగ్గానే పనిచేస్తోంది. ఆ తర్వాత బి నొక్కితే కొత్త సెల్ రావాలి, కొన్నిసార్లు వస్తుంది, కొన్నిసార్లు ఉలుకూ పలుకూ ఉండదు. ట్యాబ్ నొక్కితే కోడ్ పూర్తవడానికి బదులు నీలి గీత ఒకటి బటన్ల మీద తిరుగుతోంది. కమాండ్ + ఎస్‌తో మొన్నటిదాకా సేవ్ అయ్యేది, ఇప్పుడు కావడం లేదు. అన్నిటికంటే భయపెట్టింది చివరిది: x = 100 అని టైప్ చేస్తే ఆ సెల్ మాయమైంది, కింది సెల్ హెడింగ్‌గా మారింది, కెర్నల్‌ని, అంటే వెనక కోడ్‌ను నడిపే ప్రోగ్రామ్‌ని, రీస్టార్ట్ చేయాలా అని ఒక పెట్టె వచ్చింది.

ఈ చివరిదాన్ని కాస్త ఆగి చూడాలి. జూపిటర్‌లో రెండు మోడ్‌లు. ఎడిట్ మోడ్‌లో టైప్ చేసింది సెల్‌లోకి వెళ్తుంది. కమాండ్ మోడ్‌లో ప్రతి అక్షరమూ ఒక ఆజ్ఞ. ఎక్స్ అంటే సెల్‌ని కత్తిరించు. సమానం గుర్తుకు అర్థం లేదు. ఒకటి అంటే మొదటి స్థాయి హెడింగ్‌గా మార్చు. సున్నా వరసగా రెండుసార్లు అంటే కెర్నల్ రీస్టార్ట్. అంటే ఆవిడ రాసిన వాక్యాన్ని జూపిటర్ తు.చ. తప్పకుండా పాటించింది. ఆవిడ మాత్రం ఎడిట్ మోడ్‌లో ఉన్నాననుకున్నారు. అలా అనుకోవడానికీ కారణముంది. షిఫ్ట్ + ఎంటర్ నొక్కినప్పుడు కింద సెల్ లేకపోతే కొత్తది పుట్టి ఎడిట్ మోడ్‌లో తెరుచుకుంటుంది, ఉంటే అది కమాండ్ మోడ్‌లో ఎంపికై ఆగుతుంది. నోట్‌బుక్ చివర రాసేటప్పుడు అలవాటైన చెయ్యి మధ్యలో రాసేటప్పుడు దెబ్బ తింటుంది.

మా దగ్గరికి రాకముందు చేసినవి

బ్రౌజర్ మార్చి చూశారు. ఉపయోగం ఉండదు. మన దగ్గర ఐప్యాడ్‌లో దొరికే బ్రౌజర్లన్నీ, పేరు ఏదైనా, లోపల వెబ్‌కిట్ ఇంజిన్ మీదే నడుస్తాయి. కీ పేజీకి చేరే దారి మారదు.

బటన్లు చిన్నగా ఉన్నాయని సఫారీలో ఆ సైట్‌కు మొబైల్ వెబ్‌సైట్ కోరే ఆప్షన్ పెట్టుకున్నారు. ఎవరో చెబితే యాక్సెసిబిలిటీలో ఉన్న ఫుల్ కీబోర్డ్ యాక్సెస్ ఆన్ చేశారు. పేరు చూస్తే షార్ట్‌కట్లకు మంచిదే అనిపిస్తుంది మరి. ఈ రెండూ సమస్యను తగ్గించకపోగా ఒక్కోటీ ఒక్కో కొత్త లక్షణాన్ని తెచ్చిపెట్టాయి. కొత్త కీబోర్డు కొనాలనే ఆలోచనలో ఉండగా మాకు రాశారు.

కీ ఎక్కడ ఆగిపోతోంది

వేలు కీని తాకిన దగ్గర్నుంచి సెల్‌లో పని జరిగేదాకా ఐదు మజిలీలు ఉంటాయి: కీబోర్డు లోపలి చిప్, ఐప్యాడ్ ఓఎస్, ఎంచుకున్న భాష లేఅవుట్, బ్రౌజర్, చివరికి జూపిటర్ మోడ్. ఎక్కడ ఆగిందో తెలియకుండా సెట్టింగ్ మారిస్తే, ఒకటి బాగుపడినా మరొకటి చెడి, ఏది దేనివల్ల అయిందో ఎప్పటికీ తెలియదు. అందుకని ముందు ఏదీ ముట్టుకోవద్దన్నాం.

పరీక్షకు సర్వర్‌లోనే ఒక చిన్న పేజీ పెట్టాం. అందులో ఒక టెక్స్ట్ బాక్స్. ఏ కీ నొక్కినా కీడౌన్ ఈవెంట్‌లోని (కీ నొక్కగానే బ్రౌజర్ పేజీకి పంపే సమాచారం) రెండు విలువలను అది చూపిస్తుంది: అక్షరం ఏది, భౌతికంగా ఏ కీ. దీన్ని నోట్‌బుక్ సెల్ అవుట్‌పుట్‌లోనే చూపించొచ్చు కానీ కావాలనే విడిగా పెట్టాం. అవుట్‌పుట్‌లో ఉంటే జూపిటర్ కూడా అదే కీని అందుకోవచ్చు. అప్పుడు పరీక్షే పాడవుతుంది.

ఫలితాలు చకచకా వచ్చాయి. మామూలుగా ఎస్కేప్ నొక్కితే పేజీలో ఏమీ కనపడలేదు, హోమ్ స్క్రీన్ వచ్చింది. కీ మీద బొమ్మను దగ్గరగా ఫొటో తీయమంటే, ఎస్కేప్ అక్షరాల పక్కన చిన్న చతురస్రం కూడా ముద్రించి ఉంది. చాలా బ్లూటూత్ కీబోర్డులు ఐఓఎస్ మోడ్‌లో ఉన్నప్పుడు ఆ మూల కీని హోమ్ బటన్‌గా పంపుతాయి, ఎఫ్ఎన్ (ఫంక్షన్) కీతో కలిపి నొక్కితేనే అసలు ఎస్కేప్ వెళ్తుంది. ఎఫ్ఎన్‌తో నొక్కితే పేజీలో ఎస్కేప్ అని పడింది. కీ ఆగింది మొదటి మజిలీలోనే. జూపిటర్‌కు దీంతో సంబంధమే లేదు.

బి కీ సంగతి మూడో మజిలీలో తేలింది. ఇంగ్లీషు ఉన్నప్పుడు అక్షరం బి అని వచ్చింది. తెలుగు ఉన్నప్పుడు అదే కీకి 'వ' వచ్చింది. ఇన్‌స్క్రిప్ట్‌లో బి స్థానంలో ఉండేది వ. ఎమ్‌లో స, డిలో పొల్లు, ఎక్స్‌లో సున్న. జూపిటర్‌ల్యాబ్ షార్ట్‌కట్ల పట్టిక అమెరికన్ ఇంగ్లీషు కీల పేర్లతో రాసి ఉంటుంది, 'వ' వచ్చినప్పుడు మా సర్వర్‌లో ఉన్న వెర్షన్‌లో ఏదీ సరిపోలలేదు. తెలుగు వివరణ రాసిన మార్క్‌డౌన్ సెల్ నుంచి బయటికొచ్చి బి నొక్కితే ఏమీ జరగకపోవడానికి, కోడ్ సెల్ నుంచి వచ్చి నొక్కితే పనిచేయడానికి కారణం ఇదే. "ఒకరోజు పనిచేస్తుంది, ఒకరోజు చేయదు" అన్నదాంట్లో పెద్ద వాటా దీనిదే.

మోడ్ మర్చిపోతే భాషను బట్టి ఫలితం రెండు రకాలుగా ఉంటుందని కూడా దీనివల్ల అర్థమైంది. తెలుగు ఆన్‌లో ఉంటే అక్షరాలు గాలిలో కలిసిపోతాయి. ఇంగ్లీషు ఆన్‌లో ఉంటే సెల్ ఎగిరిపోతుంది. ఆవిడకు ఇవి సంబంధం లేని రెండు జబ్బుల్లా కనిపించాయి.

ట్యాబ్ పరీక్ష పేజీకి అసలు చేరనే లేదు. ఫుల్ కీబోర్డ్ యాక్సెస్ ఆన్‌లో ఉంటే ట్యాబ్‌ను ఓఎస్సే తీసుకుని తెర మీది బటన్ల మధ్య తిరగడానికి వాడుతుంది. చేతులు కదిలించడం కష్టమైనవాళ్లకు అది ఎంతో అవసరమైన సౌకర్యం. ఈవిడకు అవసరం లేదు. ఆఫ్ చేయగానే నీలి గీత పోయింది, ట్యాబ్ తిరిగొచ్చింది.

కమాండ్ + ఎస్ కాస్త ఆలస్యంగా చిక్కింది. 2019లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి సఫారీ డెస్క్‌టాప్ వెబ్‌సైట్ కోరినప్పుడు తనను తాను మ్యాక్‌గా చెప్పుకుంటుంది. జూపిటర్‌ల్యాబ్ ఆ మాట నమ్మి ప్రధాన మాడిఫయర్‌గా, అంటే ఇంకో కీతో కలిపి నొక్కే కీగా, కమాండ్ కీని తీసుకుంటుంది. మొబైల్ వెబ్‌సైట్ కోరితే సఫారీ ఐప్యాడ్ అని నిజం చెబుతుంది. అందులో మ్యాక్ అన్న మాట లేదు కాబట్టి జూపిటర్‌ల్యాబ్ విండోస్, లినక్స్‌ల మాదిరిగా కంట్రోల్‌కు మారిపోతుంది. బటన్లు పెద్దవి చేసుకుందామని మార్చిన ఒక్క ఆప్షన్‌తో సేవ్, వెతకడం, కమాండ్ పాలెట్ (కమాండ్లన్నీ వెతుక్కునే జాబితా), అన్నీ ఇంకో కీకి వలసపోయాయి. రుజువుకు కంట్రోల్ + ఎస్ నొక్కమన్నాం. సేవ్ అయింది.

ప్రయత్నించి పక్కన పెట్టినవి

ఎఫ్ఎన్ + ఎస్కేప్ పనిచేస్తుంది. కానీ నిమిషానికి నాలుగైదుసార్లు నొక్కే కీకి రెండు చేతులు అడగడం న్యాయం కాదు. రుజువుగా మాత్రమే వాడాం. కమాండ్ + చుక్క ఐప్యాడ్‌లో చాలాచోట్ల ఎస్కేప్‌లా పనిచేస్తుంది. అయితే ఓఎస్ తన పెట్టెలు మూయడానికి దాన్ని వాడుకోవడం వేరు, అది అన్ని పేజీలకూ నమ్మకంగా ఎస్కేప్‌గా చేరడం వేరు. రోజంతా వాడే కీని అలాంటిదాని మీద ఆధారపడేలా చేయలేదు.

ఇక మిగిలింది అందరూ చెప్పే చిట్కా: క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చడం. ఐప్యాడ్ ఓఎస్ 13.4 (2020) నుంచి ఈ వీలుంది. సెట్టింగ్స్, జనరల్, కీబోర్డ్, హార్డ్‌వేర్ కీబోర్డ్, మాడిఫయర్ కీస్. కీబోర్డు కలిసి ఉన్నప్పుడే ఈ మెనూ కనిపిస్తుంది, లేకపోతే ఎంత వెతికినా దొరకదు. మార్చగానే ఎస్కేప్ సమస్య ఒక్క దెబ్బతో పోయింది. కానీ ఇన్నాళ్లూ ఆవిడ క్యాప్స్ లాక్‌తోనే తెలుగు, ఇంగ్లీషు మారుస్తున్నారు. ఆ దారి మూసుకుపోయింది. మిగిలినది కంట్రోల్ + స్పేస్. అది మూడు కీబోర్డుల మధ్య తిరుగుతుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు రాబోయి ఎమోజీ దగ్గర ఆగడం మొదలైంది. చిట్కా తప్పు కాదు, తెలుగు టైప్ చేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని చెప్పింది మాత్రం కాదు.

షార్ట్‌కట్ల పట్టికలో బికి బదులు నేరుగా 'వ' అని రాస్తే పోలేదా అన్న ప్రశ్న కూడా వచ్చింది. కుదరదు. అక్కడ చెల్లే కీల పేర్లలో తెలుగు అక్షరాలు లేవు.

కుదిరిన ఏర్పాటు

ఒక్కో మార్పు చేశాక అదే వరస మళ్లీ నడిపించాం: ఎస్కేప్, కొత్త సెల్, ట్యాబ్, సేవ్, భాష మార్పు, రెండు భాషల్లోనూ. వరస పూర్తయ్యాకే తర్వాతి మార్పు.

క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గానే ఉంచాం. దాని ఖర్చు తగ్గించడానికి కీబోర్డుల జాబితాలోంచి ఎమోజీ తీసేశాం. ఇప్పుడు కంట్రోల్ + స్పేస్‌కు రెండే మజిలీలు, ఒకసారి నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. క్యాప్స్ లాక్ భాష మార్పు ఆప్షన్‌ను కూడా ఆఫ్ చేశాం, ఒకే కీకి రెండు పనులు ఉండకూడదని.

సైట్‌ను డెస్క్‌టాప్ వెబ్‌సైట్‌కు తిప్పాం. బటన్లు చిన్నవి అన్న అసలు ఇబ్బంది అలాగే ఉంటుంది కదా, దానికి సఫారీ పేజీ మెనూలో జూమ్ 115 శాతం పెట్టాం. ఈ రెండో పని చేయకపోతే వారం తిరక్కుండా మళ్లీ మొబైల్ వెబ్‌సైట్‌కే వెళ్లిపోతారు.

భాషతో పనిలేని షార్ట్‌కట్లు ఇవ్వడం అసలు మలుపు. బాణం కీలు, ఎంటర్ ఏ లేఅవుట్‌లోనైనా అవే. జూపిటర్‌లో ఇప్పటికే ఉన్న ఆప్షన్ (ఆల్ట్) కీ + ఎంటర్ సెల్‌ను నడిపి కింద కొత్తది పెడుతుంది. ఎస్కేప్, బి వాడే సందర్భాల్లో సగానికి పైగా దీంతోనే తీరిపోతాయి. నడపకుండా సెల్ కావాలంటే సెట్టింగ్స్ ఎడిటర్‌లోని కీబోర్డ్ షార్ట్‌కట్స్‌లో, కింద సెల్ పెట్టే కమాండ్‌కు కంట్రోల్ + ఆప్షన్ + కింది బాణం, పైన పెట్టేదానికి పై బాణం, మార్క్‌డౌన్‌గా మార్చేదానికి కుడి బాణం, కోడ్‌గా మార్చేదానికి ఎడమ బాణం ఇచ్చాం. నాలుగింటికీ సెలెక్టర్‌గా, అంటే షార్ట్‌కట్ పనిచేసే చోటుగా, నోట్‌బుక్ మొత్తాన్ని పెట్టాం, అందువల్ల ఏ మోడ్‌లో ఉన్నా పనిచేస్తాయి, ముందు ఎస్కేప్ నొక్కనక్కర్లేదు. కంట్రోల్ + షిఫ్ట్‌తో బాణాలు ఎందుకు ఇవ్వలేదంటే, సెల్‌ను పైకీ కిందికీ జరపడానికి జూపిటర్‌ల్యాబ్ 4 వాటిని ఇప్పటికే వాడుకుంటోంది. కొత్త షార్ట్‌కట్ అంటుకుందో లేదో కమాండ్ పాలెట్‌లో తెలుస్తుంది, అక్కడ ప్రతి కమాండ్ పక్కన దాని కీ రాసి ఉంటుంది.

తర్వాత ప్రమాదం తగ్గించే పని. ఒక్క అక్షరంతో సెల్‌ను కత్తిరించే ఎక్స్‌ను, కెర్నల్ రీస్టార్ట్ చేసే రెండు సున్నాలను ఆపేశాం. స్టాటిస్టిక్స్ కోడ్‌లో ఎక్స్, సున్నా రానిదెక్కడ? రెండు డీలతో సెల్ తుడిచేదాన్ని అలాగే ఉంచాం, పొరపాటున రెండు డీలు వరసగా పడటం అరుదు, పడినా కమాండ్ మోడ్‌లో జెడ్ నొక్కితే సెల్ తిరిగొస్తుంది. డీఫాల్ట్ షార్ట్‌కట్‌ను ఆపేటప్పుడు ఒక మెలిక ఉంది. కమాండ్ పేరు, కీ, సెలెక్టర్, మూడూ డీఫాల్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. సెలెక్టర్‌లో ఒక్క గుర్తు తేడా వచ్చినా పాతది ఏమీ ఎరగనట్టు పనిచేస్తూనే ఉంటుంది. చేత్తో టైప్ చేయకుండా డీఫాల్ట్ పట్టికలోంచి కాపీ చేసుకోవాలి. సర్వర్ వెర్షన్ మారినప్పుడు సెలెక్టర్లు కూడా మారొచ్చు కాబట్టి అప్‌గ్రేడ్ తర్వాత ఒకసారి ఖాళీ నోట్‌బుక్‌లో ఎక్స్ నొక్కి చూడాలి.

ఇదే అదనుగా కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇంకో రెండు ఆఫ్ చేయించాం. స్మార్ట్ పంక్చుయేషన్ నిటారు కోట్స్‌ను వంపు కోట్స్‌గా మారుస్తుంది. పైథాన్ వాటిని ఒప్పుకోదు, చెల్లని అక్షరం అంటూ యూ+201సి అని (వంపు కోట్ సంకేతం) చూపిస్తుంది. ఆవిడ పాత నోట్‌బుక్‌లలో అలాంటివి కనిపించాయి. రెండోది, వరసగా రెండు స్పేస్‌లు కొడితే చుక్క పెట్టే సౌకర్యం. కొన్ని ఎడిటర్లు దీన్ని అడ్డుకుంటాయి, అన్నీ కాదు. n = 10 అని రాసి కామెంట్ ముందు రెండు స్పేస్‌లు కొట్టినప్పుడు చుక్క పడిందంటే పది కాస్తా దశాంశ సంఖ్య అవుతుంది. ఆ లైన్‌లో ఎర్రర్ రాదు. ఎక్కడో కింద రేంజ్ దగ్గర, ఫ్లోట్‌ని (దశాంశ సంఖ్యని) పూర్ణాంకంగా తీసుకోలేనంటూ ఆగుతుంది. కారణం వెతికేవాళ్లకు చుక్క కంటికి ఆనదు.

తర్వాత ఏమైంది

రెండు భాషల వరస మొత్తం సాఫీగా నడిచింది. మిగిలిన ఒక్క ఫిర్యాదు, కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఎస్కేప్ పనిచేయడం లేదని. ఇలాంటి కీబోర్డులు చార్జింగ్ ఆదా చేయడానికి నిద్రలోకి వెళ్తాయి, మొదటి కీ వాటిని లేపడానికే సరిపోతుంది. ఎస్కేప్‌ను ఎప్పుడూ రెండుసార్లు నొక్కమన్నాం. కమాండ్ మోడ్‌లో ఇంకో ఎస్కేప్ పడితే ఏ హానీ లేదు. పైగా ట్యాబ్‌తో వచ్చిన సూచనల పెట్టె తెరిచి ఉంటే మొదటి ఎస్కేప్ ఆ పెట్టెను మూయడంతోనే ఆగిపోతుంది, మోడ్ మారాలంటే ఎలాగూ రెండోది కావాలి.

మోడ్ చూసుకోవడానికి జూపిటర్‌ల్యాబ్ అడుగున స్టేటస్ బార్‌లో అది రాసి ఉంటుంది. ఐప్యాడ్‌లో కీబోర్డు కలిసి ఉన్నప్పుడు అడుగున వచ్చే షార్ట్‌కట్ పట్టీ దాన్ని కప్పేస్తోంది. కీబోర్డ్ సెట్టింగ్స్‌లో షార్ట్‌కట్స్ ఆఫ్ చేశాక మోడ్ కంటికి కనిపించసాగింది. ఇన్ని మార్పుల్లో ఆవిడకు బాగా నచ్చింది ఇదేనట.

ఈ కేసు తర్వాత మా దగ్గర మారినవి

ట్యాబ్లెట్ మీద షార్ట్‌కట్ పనిచేయడం లేదని ఎవరు రాసినా మొదట పరీక్ష పేజీ లింక్ పంపుతున్నాం. పేజీలో కీ కనపడకపోతే కీబోర్డు లేదా ఓఎస్. కనిపించి అక్షరం వేరేగా ఉంటే భాష. సరిగ్గా కనిపించి కూడా జూపిటర్‌లో పనిచేయకపోతే డెస్క్‌టాప్, మొబైల్ తేడా లేదా మోడ్. ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్‌లో తెర మీది కీబోర్డు వాడేవాళ్ల విషయంలో ఇదే పేజీ ఇంకో జవాబు చెబుతుంది. అక్కడ అక్షరాలు చాలావరకు కూర్పు దశలో ఉన్నట్టుగా వస్తాయి, ఏ కీ నొక్కినా కోడ్ 229 అనే చేరుతుంది, అసలు ఏ కీయో తెలియదు. అలాంటివాళ్లకు షార్ట్‌కట్ల మీద సమయం పెట్టించకుండా సెల్ మూలన ఉండే బటన్లే చూపిస్తున్నాం.

బాణం కీల ఏర్పాటును సర్వర్ మొత్తానికి డీఫాల్ట్‌గా పెట్టమని కొందరు అధ్యాపకులు అడిగారు. సర్వర్ డీఫాల్ట్‌లను మార్చే ఓవర్‌రైడ్స్ ఫైల్‌లో నాలుగు లైన్లు రాస్తే అయిపోతుంది. అయినా పెట్టలేదు. కంట్రోల్, ఆప్షన్ కలిపి నొక్కడం చూపు లేనివారికి తెరను చదివి వినిపించే వాయిస్‌ఓవర్‌కు మూల కీ, బాణాలతోనే వాళ్లు పేజీ మొత్తం తిరుగుతారు. కావాలన్నవాళ్లు తమ సెట్టింగ్స్‌లో అతికించుకునేలా విడిగా ఇస్తున్నాం.

దారి దొరకనిది కమాండ్ + డబ్ల్యూ. దాన్ని సఫారీయే తీసుకుని ట్యాబ్ మూసేస్తుంది, జూపిటర్ సెట్టింగ్స్‌లో ఏం రాసినా అక్కడిదాకా చేరదు. కమాండ్ + షిఫ్ట్ + టి నొక్కితే ట్యాబ్ తిరిగి తెరుచుకుంటుంది. కెర్నల్ సర్వర్ మీద నడుస్తూనే ఉంటుంది కాబట్టి వేరియబుల్స్ ఎక్కడికీ పోవు. ఆటోసేవ్ 120 సెకన్లకోసారి కాబట్టి ఆఖరి రెండు నిమిషాల్లో టైప్ చేసింది పోవచ్చు, ట్యాబ్ మూసి ఉన్న సమయంలో వచ్చిన అవుట్‌పుట్ కనపడకపోవచ్చు. పొడవైన సెల్ నడుస్తుండగా ఇలా జరిగితే దాన్ని మళ్లీ నడపకుండా, ముందు కింద కొత్త సెల్ పెట్టి ఫలితం వేరియబుల్‌ను ప్రింట్ చేసి చూడమంటున్నాం.